ఇతర సంస్కృతులను పిల్లల చేతికి అందించే గది: మన బడిలో ఎలా ఉండాలి?

వంశధార మాస్టారు (శ్రీకాకుళం)

సభ్యులందరికీ నమస్కారం. నేను ఈ జిల్లాలోని ఒక ఉన్నత పాఠశాలలో సాంఘిక శాస్త్రం బోధిస్తున్నాను. మా బడిలో ఇన్నాళ్ళూ విరిగిన బెంచీలు పడేసుకున్న గది ఒకటి ఖాళీ అయింది. పిల్లలు ఇతర ప్రాంతాల, ఇతర దేశాల జనం ఎలా బతుకుతారో తెలుసుకునేలా దాన్ని చిన్న మ్యూజియంగా తీర్చిదిద్దుదామని పూర్వ విద్యార్థులు కొందరు ముందుకు వచ్చారు. గోడ నిండా టచ్ స్క్రీన్లు పెట్టాలన్నది వారి ఆలోచన. డబ్బు వారిది కనుక కాదనడం తేలిక కాదు, కానీ నాకు మనసొప్పడం లేదు.

పిల్లలను శాలిహుండం తీసుకువెళితే కొండ మీద స్తూపాల మధ్య తిరిగినంత సేపూ ఉత్సాహంగానే ఉంటారు. విగ్రహాలున్న మ్యూజియం గదిలోకి రాగానే వరుసగా నడిచి అవతలికి పోతారు. తార, మారీచి విగ్రహాల ముందు ఆగినవాళ్ళు కూడా పేరు పలకను నోటు పుస్తకంలోకి ఎక్కించుకోవడానికే ఆగుతారు. అదే పిల్లలు విశాఖ బీచ్‌లోని కురుసుర జలాంతర్గామిలోకి అడుగుపెడితే బయటికి రారు. ఇంత ఇరుకులో ఎలా పడుకున్నారు, స్నానం ఎక్కడ చేశారు, అన్నం ఎవరు వండారు అని అడుగుతూనే ఉంటారు. అక్కడ తల వంచకపోతే తగులుతుంది, పక్కకు తిరగకపోతే ముందుకు పోలేరు, కాబట్టి అక్కడ బతికినవారి గురించి ఆలోచించక తప్పదనుకుంటాను.

సంస్కృతి విషయంలో అలాంటి అనుభవం ఎలా కలిగించాలి? దూర దేశాలతో మొదలుపెట్టాలా, మన పొరుగువారితోనా? ఏది ముట్టుకోనివ్వాలి? అనుభవమున్నవారు చెప్పగలరు.

నాగావళి ఒడ్డు (విశ్రాంత మ్యూజియం ఉద్యోగి)

మాస్టారూ, అద్దాల బీరువాలను ముందే తప్పుపట్టకండి. చేతి చెమటలోని ఉప్పు, జిడ్డు లోహాన్ని నెమ్మదిగా తినేస్తాయి. పాత గుడ్డ, తాటాకు అయితే పదిమంది పిల్లల చేతుల్లో పడితే మిగలవు. అందుకే అసలు వస్తువును అద్దం వెనుక ఉంచి, చేతికివ్వడానికి వేరే వస్తువులను సమకూర్చుకోవడం మంచి మ్యూజియాల పద్ధతి. మీది బడి గది కనుక మీకు అసలైన పురావస్తువులు అక్కరలేదు. ఈ రోజున ఎక్కడో జనం వాడుతున్న వస్తువు, సంతలో కొనగలిగినది, విరిగితే మళ్ళీ తెచ్చుకోగలిగినది అయితే చాలు.

స్క్రీన్ల సంగతి సూటిగానే చెబుతాను. మీట నొక్కితే దీపం వెలిగే ప్రదర్శనలో పిల్లవాడు నేర్చుకునేది మీట నొక్కడమే. ఏ దేశం మీద వేలు పెట్టినా తెర స్పందించే తీరు ఒకటే కనుక జపాన్‌కూ ఘానాకూ చేతికి తేడా తెలియదు. పైగా మన తీరప్రాంతపు ఉప్పుగాలికి, కరెంటు కోతలకు అవి ఎంతకాలం నిలుస్తాయో మీకే తెలుసు. పాటలు, మాటలు వినిపించడానికి ఒక స్పీకరు, హెడ్‌ఫోన్లు మాత్రం తప్పక పెట్టండి.

జపాన్‌లోని ఒసాకాలో 1977లో తెరిచిన జాతీయ మానవజాతి మ్యూజియం వారు ఒక్కొక్క దేశపు బట్టలు, బొమ్మలు, బడి సామాను సూట్‌కేసుల్లో సర్ది బడులకు అరువిస్తారు. గది కన్నా పెట్టెతో మొదలుపెట్టడం మీకూ మేలని నా అభిప్రాయం. పెట్టె అయితే ఇంకో ఊరి బడికీ వెళుతుంది.

టెక్కలి నుంచి బోస్టన్

నేను ఉద్యోగరీత్యా ఉంటున్న ఈ ఊళ్ళోని పిల్లల మ్యూజియంలో ఒక జపాను ఇల్లు ఉంది. అది నమూనా కాదు. క్యోటోలో ఒక పట్టు వర్తకుడి నిజమైన రెండంతస్తుల ఇంటిని విప్పి తెచ్చి, అక్కడి వడ్రంగుల చేతనే ఇక్కడ తిరిగి నిలబెట్టించారు. బోస్టన్‌తో సోదర నగర బంధం ఉన్న క్యోటో నగరం దాన్ని 1979లో బహుమతిగా ఇచ్చింది. మా అమ్మాయిని తీసుకువెళ్ళినప్పుడల్లా నేను ఒక మూల కూర్చుని ఇతర పిల్లలను చూస్తుంటాను.

లోపలికి వెళ్ళాలంటే గుమ్మం దగ్గరే చెప్పులు విప్పాలి. ఇక్కడి పిల్లలకు అది వింత, మా అమ్మాయికి అందులో వింతేమీ లేదు. గడ్డితో నేసిన చాప మెత్తదనం పాదాలకు తెలుస్తుంది. తలుపును తోయబోతే రాదు, పక్కకు జరపాలి. నేల మీద కూర్చుంటే తప్ప ఆ గదిలో ఏ వస్తువూ కంటికి సరైన ఎత్తులో ఉండదు. అంటే ఇల్లే తన పద్ధతి ప్రకారం పిల్లలను నడిపిస్తుంది. ‘జపానువారు నేల మీద కూర్చుంటారు’ అని పలక మీద రాసి ఉంటే ఆ పిల్లలు చదివి మరిచిపోయేవారు.

ఈ మ్యూజియం 1913 నుంచీ ఉన్నా, దీనికి ఇప్పటి రూపం రావడానికి 1962లో డైరెక్టరుగా వచ్చిన మైకేల్ స్పాక్ ముఖ్య కారకుడు. అద్దాల బీరువాల్లోని వస్తువులను పిల్లల చేతుల్లోకి తెచ్చినవారాయనే. నాగావళి గారు చెప్పినటువంటి పెట్టెలను కూడా ఆ దశాబ్దంలోనే ఉపాధ్యాయుల కోసం ఇక్కడ తయారుచేశారు.

మాస్టారూ, మీరు ఇల్లు తేలేరు. ఒక గుమ్మం, ఒక కూర్చునే తీరు, ఒక తినే తీరు మాత్రం తేగలరు.

పాలకొండ తండ్రి

అందరూ మంచి మాటలే చెబుతున్నారు కానీ ఒక తండ్రిగా నా అనుమానం చెబుతాను. ఇలాంటి గదులు ప్రారంభోత్సవం నాడు కళకళలాడతాయి, ఫొటోలు పేపర్లో వస్తాయి, ఆ తరవాత తాళం పడుతుంది. తాళంచెవి ఉన్న మాస్టారు బదిలీ అయితే ఆ గది సంగతి అంతే. వీటివల్ల పిల్లలు నిజంగా ఏం నేర్చుకున్నారో తెలిసేదెలా? విహారయాత్రకు వెళ్ళొచ్చినట్టు సంతోషించడం వేరు, నేర్చుకోవడం వేరు కదా.

సీతంపేట సవర యువకుడు

మాస్టారూ, నేను సీతంపేట కొండల సవర గిరిజనుణ్ణి. 2022 విభజనలో మా మండలం పార్వతీపురం మన్యం జిల్లాలోకి వెళ్ళినా నా చదువూ ఉద్యోగమూ శ్రీకాకుళంలోనే. పొరుగువారితో మొదలుపెట్టాలా అని మీరు అడిగారు. ఆ పొరుగువాడిగా నాకు చెప్పవలసినది కొంత ఉంది.

మా గురించి ఎవరు ప్రదర్శన పెట్టినా విల్లు, బాణం, పూరిల్లు, గోచీ కట్టుకున్న మట్టి బొమ్మ తప్పనిసరి. మా అన్నయ్య మోటారు సైకిలుకు రెండు పక్కలా బస్తాలు వేలాడదీసుకుని అనాస పళ్ళు సంతకు తెస్తాడు, మా వదిన అంగన్‌వాడీలో పనిచేస్తుంది. ఆ మట్టి బొమ్మను చూసిన పిల్లవాడు సంతలో మా అన్నయ్యను చూస్తే, అతను సవర అని గుర్తించడు, చెప్పినా నమ్మడు. అలాంటి ప్రదర్శన మా గురించి తెలియని పిల్లవాడికి తప్పుడు తెలివినిచ్చి పంపుతుంది. దానికన్నా ఏమీ తెలియకపోవడమే నయం.

పిల్లలకు మా బట్టలు కట్టి ఫొటో తీసే మూల ఒకటి పెడదామని ఎవరైనా మీకు సలహా ఇస్తారు, చూడండి. బట్ట కట్టుకోవడం మీద నాకు కోపం లేదు. కట్టడం తెలిసిన మా పెద్దావిడ వచ్చి, ఇది ఎప్పుడు కడతారో చెబుతూ కడితే అది నేర్చుకోవడం అవుతుంది. నవ్వుకోవడానికి కట్టుకుంటే నేను చూడలేను. 1958లో బ్రస్సెల్స్‌లో జరిగిన ప్రపంచ ప్రదర్శనలో కాంగో కుటుంబాలను కంచె వెనుక పల్లెలా కూర్చోబెట్టి చూపించారని, చూడవచ్చినవారు వాళ్ళ మీదికి అరటిపళ్ళు విసిరారని చదివాను. ఆ అవమానం భరించలేక వాళ్ళు ప్రదర్శన ముగియకముందే వెళ్ళిపోయారు. దాన్ని ఏర్పాటు చేసినవారు కూడా ‘ఇతర సంస్కృతిని పరిచయం చేస్తున్నాం’ అనే అనుకుని ఉంటారు.

మా గోడ బొమ్మల గురించి కూడా చెప్పాలి. ఎర్రమట్టి అలికిన గోడ మీద బియ్యప్పిండి తెలుపుతో వేసే ఆ మనుషులు, ఏనుగులు, సూర్యచంద్రులు మాకు అలంకారం కాదు. ఇంట్లో జబ్బు చేసినప్పుడో, పెద్దలను తలుచుకోవలసి వచ్చినప్పుడో, ఎవరి కోసం వేస్తున్నామో చెప్పుకుని వేస్తాం. ఇప్పుడు ఆ బొమ్మలు చీరల మీదా ఆఫీసు గోడల మీదా వస్తున్నాయి, వేసే మావాళ్ళకు నాలుగు డబ్బులూ వస్తున్నాయి, మంచిదే. మీ పిల్లల చేత మాత్రం అచ్చుబొమ్మల్లా వాటిని దిద్దించకండి. వేసే పెద్దాయనను పిలవండి, ఆయన గోడ మీద వేస్తూ ఏ బొమ్మ గురించి చెప్పదలిస్తే దాని గురించి చెబుతాడు, కొన్నింటి గురించి చెప్పడు. చెప్పనివి ఉంటాయని పిల్లలకు తెలియడం కూడా మంచిదే.

మన గిడుగు రామమూర్తి గారు పర్లాకిమిడిలో ఉన్నప్పుడు సవర భాషను సవరల దగ్గరే కూర్చుని నేర్చుకున్నారు. ఆయన తెలుగు కోసం చేసింది ఊరూరా తెలుసు, మా కోసం వ్యాకరణం, నిఘంటువు రాశారని ఎందరికి తెలుసు? మీ గదికి ఆయన పద్ధతి పనికొస్తుంది.

ఒక్క ప్రశ్న అడిగి ఆపుతాను. ఎక్కడో దూరాన ఉన్న బడిలో ‘శ్రీకాకుళం పిల్లలు’ అని ఒక పెట్టె పెడితే అందులో ఏ వస్తువులుండాలి, వాటిని ఎవరు ఏరాలి? ముందు మీ పిల్లలను ఇది అడిగి చూడండి.

వంశధార మాస్టారు (శ్రీకాకుళం)

సీతంపేట తమ్ముడికి ధన్యవాదాలు. ఆ ప్రశ్న రేపే ఎనిమిదో తరగతిలో అడుగుతాను. పాలకొండ వారి అనుమానానికి నా దగ్గర సమాధానం లేదు, ఉన్నవారు చెప్పాలి.

నాగావళి ఒడ్డు

నేర్చుకున్నారా లేదా అన్నదానికి నేను చూసే కొలత పిల్లలు అడిగే ప్రశ్నే. గదిలోకి వెళ్ళేముందు ఒక చీటీ మీద, వచ్చాక ఇంకో చీటీ మీద ఒక్కొక్క ప్రశ్న రాయించండి. ముందు చీటీలో ‘వాళ్ళు అలా ఎందుకు తింటారు’ అని ఉంటుంది. తరవాతి దాంట్లో ‘వాన పడితే ఆ పొయ్యి ఎక్కడ పెట్టుకుంటారు’ అని ఉందంటే ఆ పిల్లవాడు వాళ్ళ ఇంట్లోకి వెళ్ళి వచ్చాడన్నమాట. రెండు చీటీల్లోనూ ఒకే రకం ప్రశ్న ఉంటే తప్పు ప్రదర్శనది, దాన్ని మార్చాలి. ఇందులో మార్కులేమీ ఉండవు, చీటీలు దాచి ఉంచితే చాలు, మాస్టారు బదిలీ అయినా కొత్తగా వచ్చేవారికి అవి దారి చూపుతాయి.

తాళం పడకుండా ఉండాలంటే ఒకేసారి పది దేశాలు పెట్టకండి. పిల్లలు ఒక్కొక్క బల్ల దగ్గర ఒక్క నిమిషం ఆగి పోతారు, మరుసటి ఏడాదికి చూడటానికి ఏమీ మిగలదు. నెదర్లాండ్స్‌లోని ఆమ్‌స్టర్‌డామ్‌లో 1975 నుంచీ ఉన్న పిల్లల మ్యూజియం వారు ఒక్క సంస్కృతినే తీసుకుని, దాని మీదే రెండేళ్ళు, అంతకన్నా ఎక్కువ కాలం నడిచే ప్రదర్శన కడుతూ వచ్చారు. ఒక్కదానిలోకే లోతుగా వెళ్ళిన పిల్లవాడికి రెండోదాన్ని ఎలా అడిగి తెలుసుకోవాలో ఎవరూ నేర్పనక్కరలేదు.

సీతంపేట వారి మాటకు ఒక చేర్పు. భోపాల్‌లో ఇందిరా గాంధీ జాతీయ మానవ సంగ్రహాలయం ఉంది, సుమారు 200 ఎకరాల కొండ. అందులోని గిరిజన ఇళ్ళను ఆయా తెగలవారే వచ్చి, తమ పద్ధతిలో తాము కట్టారు. ఎవరి ఇల్లు వారే కట్టినప్పుడు మట్టి బొమ్మలతో పనిపడదు.

ఉద్దానం అమ్మ (సోంపేట వైపు)

నేను ప్రాథమిక పాఠశాలలో పనిచేస్తాను. దూరమా దగ్గరా అనే ప్రశ్న మా వైపు రాదు. ఇచ్ఛాపురం దాకా ప్రతి రెండో ఊళ్ళో ఒడియా ఇళ్ళున్నాయి, ఒడియా మాధ్యమం బడులున్నాయి. అయినా మా తెలుగు పిల్లలకు ఒడియా పిల్లల పండగలు తెలియవు, ఎందుకంటే పక్కనే ఉన్నవాళ్ళను ఎవరూ ప్రత్యేకంగా పరిచయం చేయరు.

నేనైతే తిండితో మొదలుపెడతాను. మన తరవాణి, వాళ్ళ పఖాళ పక్కపక్కన గిన్నెల్లో పెట్టి రుచి చూపిస్తాను. రెండూ రాత్రి అన్నంతో, నీళ్ళతో, పులుపుతో అయ్యేవే. వాళ్ళు పఖాళతో వేయించిన కూరలు, బడి చూర (మినప వడియాల పొడి) నంజుకుంటారు, మన ముసలమ్మలు ఉల్లిపాయ, మిరపకాయ కొరుక్కుంటారు. ఒకే పనిని ఇద్దరూ ఎలా చేస్తారో పిల్లల నాలుకకు తెలిశాక ‘వాళ్ళు వేరు’ అనే మాట అంత తొందరగా రాదు. అయితే రుచి చూపించేముందు ఉమ్మకూడదు, ముఖం చిట్లించకూడదు, వద్దనుకుంటే ‘చాలు’ అనవచ్చు అని నియమం పెట్టుకోవాలి. చిన్నపిల్లలకు మర్యాద నేర్పకుండా రుచి నేర్పితే ఎదుటివాళ్ళ మనసు నొస్తుంది.

మాకు ఇంకో పొరుగు ఉంది. మందస దాటి ఒడిశాలోకి వెళితే గజపతి జిల్లాలో చంద్రగిరి ప్రాంతాన 1963 నుంచి టిబెటన్లు స్థిరపడి ఉన్నారు. జీరంగలో వాళ్ళు కట్టుకున్న పెద్ద బౌద్ధ విహారాన్ని 2010లో దలైలామా ప్రారంభించారు. మనవాళ్ళు ఆదివారం వెళ్ళి ఫొటోలు దిగి, మోమోలు తిని వస్తారు. అక్కడి ప్రార్థన చక్రాలను కుడివైపుగా తిప్పాలి, ఆ తిప్పడం వాళ్ళకు మంత్రం చదవడంతో సమానం. పిల్లలు దాన్ని రంగులరాట్నంలా గిరగిరా తిప్పి పరుగెత్తుతుంటే అక్కడి ముసలాయన ఒకరు ఏమీ అనకుండా, తాను పక్కన నిలబడి నెమ్మదిగా తిప్పి చూపించారు. ఆ తరవాత మా పిల్లలు అలాగే తిప్పారు. ఏ తెర నేర్పగలదు దాన్ని?

మా మత్స్యకార పల్లెల నుంచి గుజరాత్‌లోని వెరావల్‌కు ఏటా మగవాళ్ళు పడవల మీద పనికి వెళతారు. సొంత ఊరు వదిలిన మనిషి అంటే ఏమిటో ఆ ఇళ్ళలో పిల్లలకు చెప్పనక్కరలేదు. టిబెటన్ల కథను ఆ పిల్లల ముందు చెబితే వాళ్ళు అడిగే ప్రశ్నలు మనకు కూడా తట్టవు.

విజయనగరం తీగలు

నేను విజయనగరం సంగీత కళాశాలలో చదివినవాణ్ణి. చెవి గురించి ఎవరూ మాట్లాడలేదు కాబట్టి నాలుగు మాటలు. బొబ్బిలి దగ్గర గొల్లపల్లిలో వీణ చేసే చోట ఎండబెట్టిన పనస దుంగను గుల్ల చేస్తుంటారు. సగం తొలిచిన పనస ముక్కను ఒకటి అడిగి తెచ్చి పిల్లల చేతికివ్వండి. తొలవని వైపు తడితే వచ్చే శబ్దమూ తొలిచిన వైపు తడితే వచ్చే శబ్దమూ వేరని వాళ్ళే కనిపెడతారు. ఆ పక్కనే పశ్చిమ ఆఫ్రికా వారి కోరా అనే తీగ వాద్యం చిత్రం పెట్టి, దాని నాదం వినిపించండి. వాళ్ళు పెద్ద ఆనపకాయ బుర్రను సగానికి కోసి, తోలు బిగించి, 21 తీగలు కడతారు. వీణకూ ఎడమ చివర సొరకాయ బుర్ర ఉంటుంది కదా! ఆ బుర్ర ఎందుకు ఉందని పిల్లలు అడిగితే మీ ప్రదర్శన పని చేసినట్టే.

వినపడని పిల్లలు ఉంటే వీణ దండి మీద అరచేయి పెట్టించి తీగ మీటండి. చూపు లేని పిల్లలకు అద్దాల బీరువా అంటే ఖాళీ గోడే. ముట్టుకునే ప్రదర్శన అందరికన్నా ముందు వాళ్ళ హక్కు.

పొందూరు నేత ఇల్లు

మా అమ్మ ఇప్పటికీ వడుకుతుంది. పూర్వం మా ఊరి ఖాదీని చూడటానికి గాంధీగారు తన కుమారుడిని పంపారని మా పెద్దలు చెప్పుకునే సంగతి మీరు వినే ఉంటారు, దాన్ని వదిలేసి పని గురించి చెబుతాను.

మా దగ్గర పత్తిని మొదట వాలుగ చేప దవడతో దువ్వుతారు. ఆ దవడ అరచేతిలో పట్టేంత ఉంటుంది, దాని పళ్ళు కంటికి కనిపించనంత సన్నం, వేలితో రాస్తే ఎండిన గరుకు కాగితంలా తగులుతుంది. గింజకు అంటుకుని ఉన్న దూదిని ఎడమ చేత పట్టుకుని, కుడి చేత దవడతో పైపైన లాగాలి. గట్టిగా లాగితే పోగు తెగుతుంది, మెల్లగా లాగితే నలక రాదు. బడి పిల్లలు మా ఇంటికి వచ్చినప్పుడు మొదట ‘చేప పళ్ళా!’ అని నవ్వుతారు, ఒక గుప్పెడు దువ్వేసరికి నవ్వు ఆగిపోతుంది, భుజం నొప్పి పుడుతుంది. దువ్వి, గింజ తీసి, ఏకి, ఏకులు చుట్టి, ఎండిన అరటి దొప్పలో పెట్టుకుని, ఆ పైన వడికితేనే పోగు. మా అమ్మ రోజంతా చేసే పని ఎంతో అప్పుడు వాళ్ళకు అర్థమవుతుంది.

బోస్టన్ నుంచి రాసిన అన్నగారూ, అది పట్టు వర్తకుడి ఇల్లు అన్నారు. ఆ ఇంటికి వచ్చే పిల్లల ముందు మా చేప దవడ ఉంటే ఎలా ఉంటుందా అనిపించింది. మనం ఎప్పుడూ ఇతరుల పెట్టెలు తెప్పించుకోవడం గురించే మాట్లాడుతున్నాం, మన పెట్టె ఎవరికీ పంపడం లేదు. సీతంపేట తమ్ముడి ప్రశ్నలో ఉన్నదీ ఇదే అనుకుంటాను. మన పెట్టె సర్దుకున్న పిల్లలు ఎదుటివారి పెట్టెను తెరిచే తీరు వేరుగా ఉంటుంది.

వంశధార మాస్టారు (శ్రీకాకుళం)

తరగతిలో ఆ ప్రశ్న అడిగాను. ఒక పీరియడ్ అనుకున్నది సాయంత్రం ఆటల సమయాన్ని కూడా మింగేసింది.

మొదట వచ్చిన వస్తువులు మీరు ఊహించినవే. తప్పెటగుళ్ళ గజ్జెలు, పలాస జీడిగింజలు, పొందూరు పంచె, సిరిమాను ఫొటో, తరవాణి కుండ. బోర్డు నిండాక వెనక బెంచీ కుర్రాడొకడు లేచి, ‘మనమిప్పుడు తరవాణి యెక్కడ తాగతన్నాం మాస్టారూ, అది మా మామ్మ తాగీది’ అన్నాడు. సీతంపేట తమ్ముడు విల్లంబుల గురించి అన్నది అచ్చంగా ఇదే. తరగతి రెండుగా చీలింది. కుండ తీసేయాలని కొందరు, కుండ లేకపోతే మనకూ చెన్నై పిల్లలకూ తేడా ఏముందని కొందరు. క్రికెట్ బ్యాటు పెట్టాలా వద్దా అనే దాని మీద గొడవ ఇంకా తేలలేదు. ఎప్పుడూ మాట్లాడని ఒక అమ్మాయి తన తండ్రి చెన్నై వెళ్ళిన రైలు టిక్కెట్టు పెట్టవచ్చా అని అడిగింది. ఎవరూ వద్దనలేదు.

చివరికి వాళ్ళే ఒక పద్ధతి పెట్టుకున్నారు. ప్రతి వస్తువుకూ ఒక చీటీ కడతారు. అది ఎవరిది, ఇప్పుడూ వాడుతున్నారా, వాడితే ఎవరు, ఎప్పుడు అన్నవి అందులో ఉండాలి. తరవాణి కుండ ‘మామ్మలు, వేసవిలో’ అనే చీటీతో పెట్టెలోకి వచ్చింది. ఆ తరవాత నేను, సవరల గురించి పెట్టె తయారుచేస్తే విల్లు పెట్టవచ్చా అని అడిగాను. ‘వాళ్ళనడగాలి కదా మాస్టారూ’ అన్నారు. నేను పాఠంగా చెప్పి ఉంటే ఈ జవాబు పరీక్ష పేపరు దాకా వచ్చి అక్కడే ఆగేది.

పూర్వ విద్యార్థులతో కూడా మాట్లాడాను. స్క్రీన్లు మానేసి, ఆ డబ్బులో కొంత పెట్టెలకు, కొంత మనుషులను పిలిపించుకోవడానికి ఖర్చు చేయడానికి ఒప్పుకున్నారు. ఒకరికి మాత్రం కోపం వచ్చింది, ఆయన ఇస్తానన్న స్క్రీను మీద పేరు వేయించుకుందామనుకున్నారు. పెట్టె మీద వేయిస్తామన్నాను. మొదటి ఏడాది మొత్తం ఒడియా ఇల్లు ఒక్కటే. సోంపేట అమ్మగారూ, ఒక కుటుంబాన్ని మీరు కుదిర్చితే మా పిల్లలు ముందు వాళ్ళింటికి వస్తారు, ఏ వస్తువులు ఇవ్వాలో వాళ్ళే ఏరుతారు.

ఉద్దానం అమ్మ

తప్పకుండా. మా పక్కింటి ఒడియా టీచరమ్మ ఇప్పటికే అడుగుతున్నారు. ఆవిడ పెట్టిన షరతు ఒకటే, మీ పిల్లలు కూడా తమ పెట్టె పట్టుకు రావాలట.

సీతంపేట సవర యువకుడు

మాస్టారూ, రెండో ఏడాది మా వంతు అయితే నేను బొమ్మలు వేసే పెద్దాయనతో మాట్లాడతాను. ఆయన రానుపోను ఖర్చు, రోజు కూలి ముందే ఇవ్వాలి. శాలువా కప్పి పంపేస్తే కుదరదు. మాట వినిపించే ఏర్పాటు కూడా చేయండి. మా భాష ముండా శాఖది, తెలుగుతో చుట్టరికం లేదు, కంబోడియా ఖ్మేర్ భాషతో దూరపు బంధుత్వం ఉంది. అదే మా పొరుగు గిరిజనులైన జాతాపుల కువి భాష మీ తెలుగుకు చుట్టం. సవర, ఖ్మేర్, కువి, తెలుగు మాటలు వరుసగా వినిపించి ఎవరికి ఎవరు బంధువులో పిల్లలను ఊహించమనండి, అందరూ తప్పే చెబుతారు.

పాలకొండ తండ్రి

చీటీల పద్ధతి నాకు నచ్చింది. తాళంచెవి మాస్టార్ల దగ్గర కాకుండా తొమ్మిదో తరగతి పిల్లల దగ్గర ఉంచి, ఏటా కింది తరగతికి అప్పగించేలా చేస్తే మా పాప చదివే బడిలో కూడా పెట్టిద్దామని అడుగుతాను. పెట్టె ఎంతది కావాలో ఎవరైనా చెప్పండి.

నాగావళి ఒడ్డు

ఇద్దరు పిల్లలు చెరో కొసా పట్టుకుని ఆటో ఎక్కించగలిగినంత రేకు ట్రంకు పెట్టె తీసుకోండి. చెక్కది వద్దు, చెద పడుతుంది. లోపల వేపాకు గుడ్డలో కట్టి వేసి, ప్రతి వానకాలం ముగిశాక అన్నీ తీసి నీడలో ఆరబెట్టండి. మూత లోపలివైపు వస్తువుల జాబితా అతికించి, పక్కనే విరిగితే ఎవరు బాగుచేయగలరో వారి ఊరు రాయండి. తినే వస్తువులు పెట్టెలో ఉంచకండి, ఎలుకలు వస్తాయి.

పొందూరు నేత ఇల్లు

చేప దవడ నేనిస్తాను. రెండు ఇస్తాను, ఒకటి పిల్లలు తప్పకుండా విరగ్గొడతారు.